పాత పికప్‌లో పాడైన ఏసీని తీసేయడం ఎలా?

"ఏసీ ఎలాగూ పనిచేయడం లేదు, బెల్ట్ కోసి పారేస్తే సరిపోదా?" పాత పికప్ ఉన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. కొన్ని బండ్లలో సరిపోతుంది. కొన్నింట్లో అదే బెల్ట్ మీద వాటర్ పంపు, ఆల్టర్నేటర్ కూడా తిరుగుతుంటాయి. అక్కడ బెల్ట్ కోసి బండి తీస్తే కొద్ది కిలోమీటర్లకే ఇంజన్ వేడెక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోతుంది. మీ బండి ఏ రకమో బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాలు చూడకుండా మాత్రం పని మొదలుపెట్టొద్దు.

బొలెరో క్యాంపర్, స్కార్పియో గెట్‌అవే, టాటా జెనాన్ లాంటి ఏసీతో వచ్చిన పాత డీజిల్ పికప్‌లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అమెరికాలో పాత ఫోర్డ్, షెవర్లే ట్రక్కులు నడిపే మనవాళ్లకు కూడా పద్ధతి ఇదే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

తీయాలా, వద్దా?

చల్లగాలి రావడం లేదంటే ఏసీ మొత్తం పోయినట్టు కాదు. ఫ్యూజ్, రిలే, ఏసీ క్లచ్ కాయిల్ వైరు, ఎక్కడో ఒక ఓరింగ్ (జాయింట్‌లోని రబ్బరు వలయం) దగ్గర లీకు... ఇలాంటివైతే తక్కువ ఖర్చుతో బాగవుతాయి. మే నెలలో రెంటచింతల వైపు లోడు వేసుకుని తిరిగే బండి అయితే, తీసేయాలని నిర్ణయించుకునే ముందు ఒకసారి మంచి ఏసీ మెకానిక్‌కు చూపించండి.

తీసేయడమే మేలు అనిపించే సందర్భాలు రెండు. ఒకటి, కంప్రెసర్ (బెల్ట్‌తో తిరిగి ఏసీ గ్యాస్‌ను నొక్కే పంపు) లోపల అరిగి బిగుసుకుపోవడం. అప్పుడు లోహపు పొడి పైపుల్లోకి, కండెన్సర్‌లోకి (రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ), ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోకి (లోపలి కాయిల్‌కు గ్యాస్‌ను సన్నగా వదిలేది) వెళ్లిపోతుంది. కంప్రెసర్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా త్వరగానే పోతుంది. అన్నీ మార్చాలంటే పాత బండి విలువకు ఆ ఖర్చు పొసగదు. రెండోది, పుల్లీ బేరింగ్ గరగరమంటూ బెల్ట్‌ను తినేయడం. రోజూ లోడుకు వెళ్లే బండిని ఆ బెల్ట్ ఎక్కడ ఆపేస్తుందో తెలియదు.

మైలేజీ పెరుగుతుందని మాత్రం తీయకండి. ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు పుల్లీని కంప్రెసర్‌కు కలిపే క్లచ్ పట్టదు, పుల్లీ ఊరికే తిరుగుతుంది. దానికి ఖర్చయ్యే శక్తి లెక్కలోకి రాదు. బరువు తగ్గుతుందన్నది కూడా అంతే. టన్ను లోడు మోసే బండికి కంప్రెసర్, కండెన్సర్ బరువు ఒక లెక్క కాదు. బెల్ట్ మీద నమ్మకం, రేడియేటర్‌కు అడ్డం లేని గాలి, ఈ రెండే అసలు లాభాలు.

ఎంతవరకు తీయాలి?

నా సలహా సూటిగా చెబుతాను. ఇంజన్ వైపు ఉన్న కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే చిన్న డబ్బా), పైపులు తీయండి. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ జోలికి వెళ్లకండి. చాలా బండ్లలో బ్లోవర్ గాలి ఆ కాయిల్ ఉన్న డబ్బా గుండానే హీటర్‌కు, అద్దానికి వెళుతుంది. కాయిల్ పీకేస్తే డబ్బాలో సందులు పడతాయి, గాలి దారితప్పుతుంది. డాష్‌బోర్డు విప్పి మళ్లీ బిగిస్తే పాత ప్లాస్టిక్ క్లిప్పులు సగం విరుగుతాయి. లోపల ఉన్న కాయిల్ వల్ల ఏ నష్టమూ లేదు, దాన్ని అక్కడే ఉండనివ్వండి.

కావాల్సినవి

- 8 నుంచి 19 వరకు రింగు, ఓపెన్ స్పానర్లు, గూటీల సెట్టు (అమెరికా పాత ట్రక్కులకు అంగుళాల సైజులు కూడా కావాలి)
- తుప్పు వదిలించే స్ప్రే
- కళ్లజోడు, రబ్బరు చేతితొడుగులు
- ఏసీ గేజ్ సెట్టు, లేదంటే ముందే ఏసీ షాపులో చూపించుకోవడం
- పైపుల మూతులకు రబ్బరు క్యాప్‌లు, క్లాంపులు
- రేడియేటర్ అంత వెడల్పున్న దళసరి అట్ట
- రేకు ముక్క, రబ్బరు గ్రోమెట్లు, సిలికాన్ సీలెంట్
- సాగని సన్న తాడు, టేపు, మార్కర్
- ఇన్సులేషన్ టేపు, కేబుల్ టైలు
- మల్టీమీటర్
- పాత గుడ్డలు, ఒక డబ్బా (కంప్రెసర్ నూనె కారుతుంది)

ఓపికగా చేస్తే ఒక పూట పని. బోల్టులు తుప్పు పట్టి ఉంటే ఒక రోజు అనుకోండి. ముందురోజు సాయంత్రమే అన్ని బోల్టుల మీదా స్ప్రే కొట్టి వదిలేస్తే మర్నాడు సగం శ్రమ తగ్గుతుంది.

1. గ్యాస్ ఉందో లేదో తేల్చుకోండి

ఇక్కడ తొందర పనికిరాదు. "ఏసీ పనిచేసి రెండేళ్లయింది, గ్యాస్ ఎప్పుడో పోయి ఉంటుంది" అనుకోవద్దు. కంప్రెసర్ బిగుసుకుపోయిన బండ్లలో గ్యాస్ నిండుగా ఉండొచ్చు.

ఇంజన్ ఆపి, బాగా చల్లారాక గేజ్ పెట్టండి. మన దగ్గర ఈ తరం బండ్లలో ఉండేది ఎక్కువగా ఆర్-134ఏ గ్యాస్. 30 డిగ్రీల వాతావరణంలో రెండు ముళ్లూ 95 పీఎస్ఐకి అటూ ఇటూగా నిలబడితే లోపల ఇంకా ద్రవరూపంలో గ్యాస్ ఉన్నట్టే. ఎంత ఉందో ఈ లెక్క చెప్పదు. కొంచెం ఉన్నా, నిండుగా ఉన్నా ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. సున్నా చూపిస్తేనే ఖాళీ.

గ్యాస్ ఉంటే రికవరీ మెషిన్ ఉన్న షాపుకు వెళ్లి తీయించండి. "గ్యాస్ రికవరీ చేయాలి, బయటికి వదలొద్దు" అని స్పష్టంగా చెప్పండి. స్క్రూడ్రైవర్‌తో వాల్వ్ పిన్ను నొక్కి బుస్సున వదిలేయడం చాలాచోట్ల అలవాటు. అది రెండు రకాలుగా తప్పు. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీదో కంట్లోనో పడితే మంచు గాయం అవుతుంది. ఇక వాతావరణం సంగతి. వందేళ్ల లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా కనీసం 1,300 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అర కిలో గ్యాస్ వదిలేయడమంటే దాదాపు 240 లీటర్ల డీజిల్ ఊరికే తగలబెట్టినట్టు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది చట్టం కూడా. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం రిఫ్రిజిరెంట్‌ను తెలిసి తెలిసి గాల్లోకి వదలడం నేరం. ఇంకో సంగతి, 1990ల మొదట్లోవి, అంతకుముందువి అయిన ట్రక్కులలో ఓజోన్ పొరను తినే ఆర్-12 ఉండొచ్చు. సర్వీస్ పోర్టు దగ్గర ఉన్న లేబుల్ చదవండి.

హెచ్చరిక: గ్యాస్ పూర్తిగా పోయిందని తేలేదాకా దగ్గర్లో వెల్డింగ్, గ్యాస్ కట్టర్, సిగరెట్ ఏదీ వద్దు. ఈ గ్యాస్ మంటకు తగిలితే విషవాయువులుగా మారుతుంది.

2. బెల్ట్ దారి చూడండి, ఫొటోలు తీయండి

బండిని చదునైన చోట ఆపి, గేరులో వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీయండి. ఇప్పుడు ఇంజన్ ముందు నిలబడి ఏ బెల్ట్ ఏ పుల్లీ మీదుగా పోతుందో వేలితో చూపుకుంటూ చూడండి. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి ఫొటోలు తీయండి. కాగితం మీద బొమ్మ గీసి, ప్రతి పుల్లీ ఏ వైపు తిరుగుతుందో బాణం గుర్తు పెట్టండి. ఆ కాగితంతో తర్వాత పని ఉంటుంది.

మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, ఏసీకి విడిగా ఒక బెల్ట్. క్రాంక్ పుల్లీ (ఇంజన్ తిప్పే ప్రధాన పుల్లీ) నుంచి కంప్రెసర్‌కు, మధ్యలో ఒక టెన్షన్ పుల్లీ. మీది ఇదే అయితే అదృష్టవంతులు. ఆ బెల్ట్ తీసేస్తే మిగతా ఇంజన్‌కు ఏ సంబంధమూ ఉండదు.

రెండోది, ఏసీ బెల్ట్ మీదే పవర్ స్టీరింగో ఆల్టర్నేటరో కూడా తిరగడం. మూడోది, ఒకే పొడవాటి చారల బెల్ట్ అన్నింటినీ చుట్టి రావడం. ఈ రెండింటికీ పొట్టి బెల్ట్ కానీ, కంప్రెసర్ స్థానంలో డమ్మీ పుల్లీ (దేన్నీ నడపకుండా ఊరికే తిరిగేది) కానీ కావాలి. అది చేతిలోకి వచ్చాకే పాతది విప్పండి. ఆదివారం బండి విప్పుకుని కూర్చుంటే బెల్ట్ దొరకదు.

కంప్రెసర్ తీయకుండానే గడిచే దారి

రెండు, మూడు రకాల వాళ్లు ఇది చూడండి. బెల్ట్ వదులు చేసి కంప్రెసర్ పుల్లీని చేత్తో తిప్పండి. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగి, అటూ ఇటూ ఊపితే ఆట లేకుండా ఉంటే బేరింగ్ బాగున్నట్టే. లోపల కంప్రెసర్ బిగుసుకున్నా సరే, పుల్లీ తన బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. క్లచ్ వైరు ఊడదీసి, పుల్లీ ముందు ఉండే క్లచ్ ప్లేటును మధ్య బోల్టు విప్పి తీసేస్తే అదే డమ్మీ పుల్లీ అయిపోయినట్టు. పాత బెల్టే సరిపోతుంది. ఖర్చు దాదాపు సున్నా.

చేతిలో డబ్బులు లేనప్పుడు ఇది చాలా మంచి దారి. కాకపోతే ఆ బేరింగ్ కూడా పాతదే కాబట్టి ఆయిల్ మార్చినప్పుడల్లా ఒకసారి చేత్తో తిప్పి చూసుకోండి. గరగరమంటే ఇక తీసేయాల్సిందే.

3. పైపులు విప్పండి

కళ్లజోడు పెట్టుకోండి. గేజ్ సున్నా చూపించినా మొదటి నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పి ఆగండి. చిన్న శబ్దంతో మిగిలిన ఒత్తిడి పోతుంది. అది ఆగాకే మిగతాది విప్పండి.

పైపులు అల్యూమినియంవి, బోల్టులు ఇనుపవి. ఏళ్ల తరబడి కలిసి ఉండి పట్టేస్తాయి. ఒక స్పానర్‌తో పైపు వైపు గట్టిగా పట్టుకుని, రెండోదాంతో నట్టు తిప్పండి. ఒక్క స్పానర్‌తో లాగితే నట్టుతో పాటు పైపు మెలి తిరిగి చిరుగుతుంది. పారేసే పైపే కదా అని బాధపడక్కర్లేదు కానీ, క్యాబిన్‌లోకి వెళ్లే రెండు పైపుల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ మెలి తిరిగితే లోపలి డబ్బా కదిలిపోతుంది.

క్యాబిన్‌లోకి వెళ్లేవి మొత్తం నాలుగు గొట్టాలు ఉండొచ్చు. రెండు ఏసీవి, రెండు హీటర్‌వి. హీటర్‌వి నల్లని మెత్తని రబ్బరు హోసులు, వాటిలో కూలెంట్ ఉంటుంది, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే కాలుతాయి. ఏసీవి అల్యూమినియం పైపులు, ఒకటి సన్నం, ఒకటి లావు. హీటర్ హోసులను ముట్టుకోవద్దు.

కొన్ని అమెరికా ఫోర్డ్ ట్రక్కులలో నట్లు ఉండవు, లోపల స్ప్రింగుతో పట్టుకునే జాయింట్లు ఉంటాయి. వాటికి ఒక చవకైన ప్లాస్టిక్ టూలు దొరుకుతుంది. అది లేకుండా పీకితే రావు.

విప్పిన ప్రతి మూతికీ వెంటనే క్యాప్ పెట్టండి. నూనె పెయింటు మీద పడితే తుడిచేయండి.

4. కంప్రెసర్ దించండి

క్లచ్ వైరు కనెక్టర్ ఊడదీయండి, వైరు కోయొద్దు. కింద ఒక చెయ్యి పెట్టుకుని చివరి బోల్టు విప్పండి. ఐదారు కిలోల ముద్ద అది, జారితే రేడియేటర్ మీదో కాలి మీదో పడుతుంది. పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే మంచిది.

కంప్రెసర్ వచ్చాక దాని బ్రాకెట్ కనిపిస్తుంది. దాన్ని కూడా తీసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. అదే బ్రాకెట్ ఆల్టర్నేటర్‌ను గానీ, టెన్షన్ పుల్లీని గానీ పట్టుకుని ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కదపొద్దు. దేన్నీ పట్టుకోకపోతేనే తీయండి. తీస్తే ఇంజన్ బ్లాకులో ఖాళీ అయిన రంధ్రాలకు పొట్టి బోల్టులు గ్రీజు రాసి బిగించండి. పొడవాటి బోల్టు లోపల అడుగుకు తగిలి మరలు పాడుచేస్తుంది. ఏదైనా రంధ్రం నుంచి కూలెంట్ చెమర్చితే ఆ బోల్టుకు సీలెంట్ రాసి బిగించాలి.

5. కండెన్సర్, డ్రయర్

గ్రిల్ తీస్తే రేడియేటర్ ముందు పల్చని జాలీ కనిపిస్తుంది, అదే కండెన్సర్. ఇక్కడే చాలామంది పొరబడతారు. టర్బో డీజిల్ పికప్‌లలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే గాలిని చల్లార్చేది) కూడా ముందు భాగంలో ఉండొచ్చు. దానికి చేతి మణికట్టంత లావు గాలి గొట్టాలు ఉంటాయి. కండెన్సర్‌కు వేలంత సన్న పైపులు. పవర్ స్టీరింగ్ ఆయిల్ చల్లార్చే పైపు కూడా అక్కడే మెలికలు తిరిగి ఉండొచ్చు. ఆటోమేటిక్ గేరు ట్రక్కులలో గేర్ ఆయిల్ కూలర్ కూడా అక్కడే ఉంటుంది. ఏ పైపు ఎక్కడినుంచి వస్తుందో చివరిదాకా చూసుకున్నాకే స్పానర్ పెట్టండి.

కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య అట్ట దూర్చండి, ఆ తర్వాతే బోల్టులు విప్పి పైకి లాగండి. డ్రయర్‌ను కూడా విప్పి తీసేయండి. బ్రాకెట్ అంచు రేడియేటర్ రెక్కలకు గీసుకుంటే ఒక్క క్షణంలో చిల్లు పడుతుంది. అట్ట ముక్కతో పోయేదానికి రేడియేటర్ రిపేరు తెచ్చుకోవద్దు.

కండెన్సర్ తీయగానే రేడియేటర్ ముఖం మొదటిసారి పూర్తిగా కనిపిస్తుంది. పొలాల మధ్య తిరిగిన బండి అయితే ఊక, పురుగులు, ఎర్రమట్టి అట్టకట్టి ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. నా దృష్టిలో ఈ పని మొత్తం మీద బండికి ఎక్కువ మేలు చేసేది ఈ కడుగుడే.

చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలను పారేయకండి. గాలి పక్కలకు పోకుండా రేడియేటర్‌లోకి పంపేవి అవే. హారన్ కండెన్సర్ బ్రాకెట్‌కే బిగించి ఉంటే దానికి వేరే చోటు చూడండి.

కండెన్సర్ ఫ్యాన్ విషయం. పాత డీజిల్ పికప్‌లలో ఎక్కువగా రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్‌తోనే తిరుగుతుంది, ముందున్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఏసీకే. అలాంటప్పుడు దాన్ని తీసేయొచ్చు. ఇంజన్‌కు వేరే ఫ్యాన్ కనిపించకపోతే మాత్రం ఆ ఎలక్ట్రిక్ ఫ్యానే మీ ఇంజన్‌ను కాపాడుతున్నట్టు. దాని వైరు కూడా కదపొద్దు.

6. క్యాబిన్ గోడ రంధ్రాలు

లోపలి కాయిల్‌ను వదిలేస్తున్నాం కాబట్టి బయటికి వచ్చిన రెండు పైపు మూతులకూ రబ్బరు క్యాప్ పెట్టి క్లాంపు బిగించండి. పైపుల చుట్టూ ఉన్న పాత స్పాంజి పొడిపొడిగా రాలిపోయి ఉంటే సీలెంట్‌తో నింపండి. మీరు ఇప్పటికే కాయిల్ తీసేసి ఉంటే రంధ్రానికి రేకు ముక్క కోసి, వెనక సీలెంట్ రాసి, స్క్రూలతో బిగించండి.

ఒట్టి స్పాంజి కుక్కి వదిలేయడం చాలా బండ్లలో చూస్తాం. అది వాన నీటిని పీల్చుకుని రేకును తుప్పు పట్టిస్తుంది. దాన్ని కొరికి ఎలుకలు లోపలికి దూరతాయి, డాష్‌బోర్డు వెనక వైరింగ్ తినేస్తాయి. అన్నింటికన్నా ప్రమాదం, ఇంజన్ గదిలో సైలెన్సర్ పొగ లీకైతే ఆ రంధ్రంలోంచి క్యాబిన్‌లోకి వస్తుంది. అద్దాలు ఎత్తుకుని నిద్రపోయే డ్రైవర్‌కు అది ప్రాణాపాయం.

కాయిల్ డబ్బా అడుగున నీళ్లు కారే చిన్న గొట్టాన్ని మాత్రం మూయొద్దు.

7. వాక్యూమ్ గొట్టం

ఏసీ వేసినప్పుడు ఐడిల్ పెంచడానికి కొన్ని ఇంజన్లలో సన్నటి వాక్యూమ్ గొట్టంతో నడిచే చిన్న పరికరం ఉంటుంది. దాన్ని తీసేసి గొట్టాన్ని తెరిచి వదిలేస్తే పెట్రోల్ ఇంజన్ ఐడిల్‌లో కొట్టుకుంటుంది. డీజిల్‌లో ఇంకా పెద్ద ఇబ్బంది. బ్రేకు బూస్టర్‌కు (పెడల్‌ను తేలిక చేసేది) వాక్యూమ్ ఇచ్చే పంపు చాలా డీజిల్ పికప్‌లలో ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. దాని లైనులో ఎక్కడ తెరుచుకున్నా బ్రేకు గట్టిపడుతుంది. లోడుతో దిగుడులో ఉన్నప్పుడు ఆ సంగతి తెలిస్తే ఏం లాభం? గొట్టానికి రబ్బరు క్యాప్ పెట్టి క్లాంపు బిగించండి. టేపు చుట్టడం చాలదు, ఇంజన్ వేడికి జిగురు కరిగి ఊడిపోతుంది.

8. వైరింగ్

వైర్లు కోయకండి. కనెక్టర్లను ఊడదీసి, ఒక్కోదానికీ విడిగా ఇన్సులేషన్ టేపు చుట్టి, తిరిగే ఫ్యానుకూ సైలెన్సర్‌కూ దూరంగా కేబుల్ టైతో కట్టండి. ఏసీ రిలే పీకండి. ఫ్యూజ్ పీకే ముందు ఒకసారి చూడండి, కొన్ని బండ్లలో ఏసీకీ బ్లోవర్‌కూ ఒకటే ఫ్యూజ్. అది పీకితే బ్లోవర్ కూడా ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద ఏసీ బటన్ ఉంటే ఉండనివ్వండి, నొక్కినా ఏమీ కాదు.

9. పొట్టి బెల్ట్ కొలత

విడి బెల్ట్ ఉన్నవాళ్లు ఈ అంకం దాటేయొచ్చు.

టెన్షన్ సర్దుబాటును మధ్యకన్నా కొంచెం వదులు వైపు పెట్టండి. సాగని తాడును కొత్త బెల్ట్ పోవాల్సిన దారిలోనే పుల్లీల చుట్టూ బిగుతుగా తిప్పి, రెండు కొసలు కలిసేచోట గుర్తు పెట్టి, టేపుతో కొలవండి. చారల బెల్ట్ మీద ఉన్న నంబరులోనే కొలత ఉంటుంది. 6పీకే1835 అంటే ఆరు చారలు, 1835 మి.మీ. పొడవు. మీ కొలతకు దగ్గరగా రెండు సైజులు తెచ్చుకుని, సరిపోనిది తిరిగి ఇస్తానని షాపులో ముందే మాట్లాడుకోండి.

బిగించే ముందు మూడు సంగతులు చూడాలి.

చారలున్న వైపు చారల పుల్లీ మీద, నునుపు వైపు నునుపు పుల్లీ మీద ఉండాలి. ఇంతకుముందు గీసుకున్న కాగితం తీసి, కొత్త దారిలో ప్రతి పుల్లీ పాత వైపుకే తిరుగుతుందా అని ఒక్కొక్కటీ సరిచూడండి. కంప్రెసర్ పోయాక దారి మార్చినప్పుడు వాటర్ పంపు వెనక్కి తిరిగేలా బెల్ట్ వేసేయడం తేలికగా జరిగే తప్పు. బండి స్టార్ట్ అవుతుంది, పావుగంట బాగానే ఉంటుంది, తర్వాత వేడెక్కుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

వాటర్ పంపు, ఆల్టర్నేటర్ పుల్లీల చుట్టూ బెల్ట్ తగినంత చుట్టుకోవాలి. అంచున తాకీ తాకనట్టు ఉంటే జారుతుంది, కీచుమంటుంది. అలా ఉంటే పొట్టి బెల్ట్ ఆలోచన మానేసి డమ్మీ పుల్లీ వేయండి. అమెరికాలో చాలా మోడళ్లకు ఇది రెడీమేడ్‌గా దొరుకుతుంది. మన దగ్గర పాత కంప్రెసర్ పుల్లీకి కొత్త బేరింగ్ వేయించి వాడుకోవచ్చు.

బెల్ట్ తనకు తాను గానీ, హోసుకు గానీ రాసుకోకూడదు.

సాధారణ వీ బెల్ట్ అయితే పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు 10 నుంచి 12 మి.మీ. దిగాలి. అంతకన్నా బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగ్‌లు పోతాయి.

10. సరిగ్గా చేశామా? ఇలా చూసుకోండి

బ్యాటరీ కలిపే ముందు పనిముట్లు, గుడ్డలు, విప్పిన బోల్టులు అన్నీ లెక్క చూసుకోండి. తర్వాత ఇదే వరసలో:

- స్టార్ట్ చేసి ఒక నిమిషం బెల్ట్‌నే చూడండి. పుల్లీ మీద నడుమ కదలకుండా పోవాలి. అంచుకు జరిగిపోతుంటే పుల్లీలు ఒకే వరసలో లేవు, వెంటనే ఆపండి.
- బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.4 ఓల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసినా పెద్దగా పడిపోకూడదు. పడిపోయి, బెల్ట్ కీచుమంటే అది జారుతోంది.
- ఇంజన్ ఆపి బ్రేకు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే వాక్యూమ్ లీకు ఉంది, అది సరిచేయకుండా బండిని రోడ్డు మీదికి తేవద్దు.
- ఐడిల్‌లో 20 నిమిషాలు ఉంచి టెంపరేచర్ ముల్లు చూడండి. తర్వాత లోడు లేకుండా, ఆపైన లోడుతో నడపండి. అవకాశం ఉంటే ఒక ఘాట్ ఎక్కించి చూడండి. ముల్లు పాత చోటనే, లేదా ఇంకొంచెం కింద ఉండాలి.
- చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. రేడియేటర్ మూతను వేడి మీద తెరవొద్దు.
- బ్లోవర్ అన్ని స్పీడులలో తిరుగుతుందా, గాలి అద్దానికి వస్తుందా చూడండి.
- బానెట్ దించి, ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, ముందు అద్దం అడుగున, క్యాబిన్ గోడ మీదికి దిగేలా పైపుతో నీళ్లు కొట్టండి. కాళ్ల దగ్గర చాప తడిస్తే సీలెంట్ మళ్లీ పెట్టాలి.
- కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే డీజిల్) ఇంజన్‌లో చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్‌తో చదివించండి. ఎక్కువగా ఊడిపోయిన కనెక్టరో, పొరపాటున తీసిన ఫ్యూజో కారణం అవుతుంది.

కొత్త బెల్ట్ మొదట్లో సాగుతుంది. మొదటి రోజు పావుగంట నడిపాక ఒకసారి, 200 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి బిగువు చూడండి. ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న ఇంజన్‌కు ఇది అక్కర్లేదు.

తర్వాత వచ్చే సందేహాలు

*వానాకాలంలో అద్దం మీద ఆవిరి పడితే?* ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, తేమ కూడా లాగేస్తుంది. అది పోయింది కాబట్టి ఈ ఇబ్బంది ఖాయంగా వస్తుంది, కోస్తా జిల్లాల్లో మరీను. గాలిని లోపలే తిప్పే బటన్ ఆపి బయటిగాలి పెట్టండి, హీటర్ కొంచెం తెరిచి బ్లోవర్‌ను అద్దం వైపు తిప్పండి, పక్క అద్దాలు ఒక వేలు మందం దించండి. అద్దం లోపలివైపు వారానికోసారి శుభ్రంగా తుడిస్తే ఆవిరి తక్కువ పడుతుంది. రాత్రిపూట వానలో నడిపే బండి అయితే, ఏసీ తీసేయాలా అని మొదట్లోనే ఇది కూడా ఆలోచించుకోండి.

*లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు కదా, తీస్తే ఇబ్బందా?* ఆ నిబంధన 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన సరుకు రవాణా వాహనాలకు. పాత పికప్‌లకు వర్తించదు.

*తీసినవాటిని ఏం చేయాలి?* మళ్లీ ఎప్పుడైనా పెట్టించే ఆలోచన ఉంటే కండెన్సర్, పైపుల మూతులు మూసి గోనెసంచిలో చుట్టి దాచండి. కంప్రెసర్ లోపల అరిగిపోయి ఉంటే ఆ కండెన్సర్‌ను దాచి ప్రయోజనం లేదు, లోహపు పొడి అందులోనే ఉంటుంది. డ్రయర్‌ను ఎప్పటికీ తిరిగి వాడకూడదు, తెరిచిన కొద్దిసేపటికే గాలిలోని తేమతో నిండిపోతుంది. పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేస్తుంటే అల్యూమినియం విడిగా, క్లచ్ కాయిల్‌లోని రాగి విడిగా ఇవ్వండి, ధర వేరు. కారిన నూనెను డ్రైనేజీలో పోయకుండా ఇంజన్ ఆయిల్ మార్చే షాపులో పాత నూనె డబ్బాలో పోయండి.